బంగారు అక్షరాల గైడు

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 5:00

లేచాను! అలారం మోగకముందే లేచాను! ఇంట్లో మా ఆయన, అత్తయ్య ఇద్దరూ పోటీలు పడి గురక పెడుతున్నారు. పెట్టుకోనీ. పైకొచ్చేవాళ్లకీ పడుకునేవాళ్లకీ ఆ మాత్రం తేడా ఉండాలి.

విషయం రాసి పెట్టుకుంటాను. మా లైబ్రరీ బైండింగ్ గదిలో ఫోర్‌మన్, అంటే మా పెద్దాయన, జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ గదిలో ఇరవై ఆరేళ్లుగా సూదీ దారం పట్టుకున్నదాన్ని నేను. కుర్చీ నాది కాక ఎవరిది? కానీ మొన్న ఆఫీసువాళ్లు గోడకి ఒక కాగితం అంటించారు. ఫోర్‌మన్ కావాలంటే స్కూలు పరీక్షలో ఇంగ్లీషు, చదవడం రాయడం పేపరు, పాసై ఉండాలట. పదహారో ఏట నేను తప్పింది ఆ ఒక్క పేపరే. ఇన్నేళ్లకి నన్ను వెతుక్కుంటూ వచ్చింది, పాముపగలాగా.

పోటీ ఒక్కడే. తొమ్మిదేళ్ల సర్వీసు. అతనికీ ఆ పేపరు లేదు. గదిలో అందరం అతన్ని సెల్లోటేపు అంటాం. పేజీ చిరిగితే టేపు. అట్ట ఊడితే టేపు. వందేళ్ల నాటి పుస్తకమైనా సరే, టేపే. రెండేళ్లు తిరిగేసరికి ఆ టేపు పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది, అప్పుడా పుస్తకం నా బల్ల మీదికి వస్తుంది. ఇతను ఫోర్‌మన్ అయితే లైబ్రరీలో ఉన్నవన్నీ తుమ్మితే ఊడే ముక్కులే. పైగా ప్రతి పుస్తకానికీ నేను అతని సంతకం కోసం చేతులు కట్టుకుని నిలబడాలి!

పరీక్ష మార్చి 18న. ఇంకా నలభై మూడు రోజులు.

ప్రతిజ్ఞ:
ఉదయం 5 నుంచి 7 దాకా చదువు.
సాయంత్రం 7 నుంచి 8 దాకా రాత.
రోజుకి పది కొత్త మాటలు.
టీవీ బంద్.
సెల్లోటేపుని తిట్టుకుంటూ టైము వృథా చెయ్యను.

6:40. ఈ పట్టిక గీయడానికి గంటన్నర పట్టింది. కానీ ఏం గీశాను! గీతలు కత్తిలా ఉన్నాయి. చదువు రేపటి నుంచి.

ఫిబ్రవరి 4, మంగళవారం. సాయంత్రం 7:10

గైడు కొన్నాను. ఇంగ్లీషు వాక్యం, దాని కింద మన అక్షరాల్లో ఎలా పలకాలో ఉంది. అర్థాలన్నీ చివరి పేజీల్లో పడేశాడు. ఉత్తరాలు, వ్యాసాలు బట్టీ కొడితే సగం మార్కులు ఇంట్లో ఉన్నట్టే. మిగతా సగానికి ఒక పాఠం ఇచ్చి ప్రశ్నలడుగుతారు. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో పట్టుకుని ఆ వాక్యం ఎత్తి రాసేయడమే. ఇంత చిన్న విషయానికి పిల్లలు పదేళ్లు బడికి పోతారు!

7:25. కానీ ఈ గైడు బైండింగ్ చూశారా? ఎవడో వెన్నుకి ఇంత గమ్ము పూసి, అట్ట మొహాన కొట్టి, పొమ్మన్నాడు. తెరిస్తే ఫట్‌మని విరుగుతోంది. ఇలాంటి పుస్తకం ముందు పెట్టుకుని నేను చదవాలా? నేను?

7:40. విడగొట్టేశాను.

ఫిబ్రవరి 6, గురువారం. మధ్యాహ్నం 1:20, బైండింగ్ గది

అందరూ భోజనానికి వెళ్లారు. విడి కాగితాలు కటింగ్ మిషన్లో పెట్టి మూడు వైపులా కోశాను. అంచులు వంకరగా ఉన్నాయి మరి. కొంచెం కోస్తే ఇంకొంచెం అనిపించింది. ఇప్పుడు చేత్తో రాస్తే వెన్నలాగా ఉంది.

అడుగున పేజీ అంకెలు కూడా కోతలో పోయాయి. పోతే పోనీ. కాగితాలు వరసలోనే ఉన్నాయిగా.

1:35. పెద్దాయన పళ్లు కుట్టుకుంటూ వచ్చి చూశాడు. "అమ్మా, కోసే ముందు అంకె చూశావా?" అన్నాడు. ఈ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి రోజు చెప్పే మాట అది. ఇరవై ఆరేళ్ల దాన్ని, నాకు చెబుతాడు! ఎంతమందికి నేనే చెప్పాను ఆ మాట!

ఫిబ్రవరి 8, శనివారం. సాయంత్రం 6:30

ఇంట్లో నేల మీద కాగితాలు పరిచాను. రెండేసి కాగితాల మధ్య సన్నటి కాగితపు పట్టీ అంటించి, మడిచి, బొత్తులు చేసి, కుట్టాలి. ఓపిక పని. సెల్లోటేపులాంటివాళ్ల వల్ల కాదు.

7:05. మా ఆయన వచ్చాడు. ఉక్కగా ఉందంటూ ఫ్యాను వేశాడు. అంతే! నూట ఇరవై కాగితాలు, మంచం కింద కొన్ని, వంటింట్లో కొన్ని!

"చూసుకుని వెయ్యొద్దా?" అన్నాను.

"ఫ్యాను చూసుకునే వేశాను. నేలే చూసుకోలేదు" అన్నాడు. ఆ తెలివి చూడండి!

8:15. అన్నీ ఏరి మళ్లీ వరసలో పెట్టాను. అంకెలు లేకపోయినా చేతికి తెలిసిపోతుంది. ఒక ఉత్తరం తర్వాత ఇంకో ఉత్తరం, వ్యాసం తర్వాత వ్యాసం. పుస్తకం పద్ధతి నాకు ఒకరు నేర్పాలా?

ఫిబ్రవరి 14, శుక్రవారం. సాయంత్రం 7:00

అయింది!!! ముదురాకుపచ్చ కాలికో గుడ్డ. మూలలకి తోలు. వెన్ను మీద బంగారు అక్షరాలు, ఒక్కొక్కటి వేడి చేసి అద్దాను. రెండు రోజులు బరువు కింద పెట్టి ఆరబెట్టాను. ఇరవై ఆరేళ్లలో ఇంత అందమైనది చేయలేదు. గదిలో అందరూ చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నారు.

సెల్లోటేపు కూడా చూశాడు. అతనిదీ ఇదే గైడు. విరిగిన వెన్నుకి ఈ కొస నుంచి ఆ కొసకి టేపు. ఛీ. "అబ్బ, ఎంత బాగుందక్కా! ఎంతవరకు చదివారు?" అన్నాడు.

"ఇంకా ఆరలేదు" అన్నాను.

అతను నాలుగో ఉత్తరం దాకా వచ్చాడట. రాకేం, పేజీలు ఊడి చేతికొస్తుంటే తొందరగానే వస్తాయి.

ఫిబ్రవరి 17, సోమవారం. ఉదయం 5:50

5:00కి లేచాను (5:35). చదువు మొదలు! సెలవు చీటీ. స్కూలు పిల్లవాడు పెద్ద మాస్టారికి రాసేది. ఏటా అదే అడుగుతారట. గట్టిగా పైకి చదివాను. ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. ఎంత దర్జాగా ఉంది! జ్వరమొచ్చినా ఇంగ్లీషులో వస్తే హుందాగానే ఉంటుంది.

పక్కనే అత్తయ్య లేచి కూర్చుని ఊలు అల్లుతూ వింటోంది. వినమను. ఆవిడకి కాలక్షేపం.

ఫిబ్రవరి 24, సోమవారం. సాయంత్రం 7:30

ఘోరం. సెలవు చీటీ అత్తయ్యకి నాకంటే ముందు వచ్చేసింది! నేను మధ్యలో ఆగితే ఆవిడ కళ్లు ఊలు మీద నుంచి తీయకుండానే అందిస్తోంది. ఆవిడ చదివింది అయిదో క్లాసు. అది కూడా అప్పటి అయిదు.

అంతటితో ఊరుకుందా? అల్లుతున్న సూదులు ఆపి అడిగింది. "ఏమమ్మాయ్, ముందేమో ఫీవర్ అన్నావు. చివర్లో డాగ్స్, డాగ్స్ అంటున్నావు. జ్వరమొచ్చిన పిల్లాడికి కుక్కలతో పనేమిటే?"

నాకు నవ్వొచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? "ఇంగ్లీషు ఉత్తరాలు అలాగే ఉంటాయి అత్తయ్యా. కుక్క కరిస్తే జ్వరం రాదా?" అన్నాను.

"కరిస్తే సూదులు వేయిస్తారు గాని, బడికి ఉత్తరం రాస్తారా?" అంది.

అర్థాలు చూద్దామా అనుకున్నాను. అవి చివరి పేజీల్లో ఉన్నాయి. కొత్త బైండింగు, అంత వెనక్కి విరిచి తెరిస్తే కుట్టు సాగుతుంది. అనుమానమనే రోగానికి మందు లేదు. ఉత్తరం ముప్పైసార్లు రాశాను. నా అక్షరాలు చూస్తే ఆ పెద్ద మాస్టారు ఉత్తరం చదవకుండానే సెలవిచ్చేస్తాడు.

మార్చి 3, సోమవారం. సాయంత్రం 8:00

ఈ వారం చదువు కొంచెం నెమ్మదించింది. కారణాలు నావి కావు:

1. జలుబు.
2. మా ఆయన టీవీ. చెవులకి చెయ్యి అడ్డం పెట్టుకుంటే పుస్తకం మూసుకుపోతోంది. గట్టి కుట్టు.
3. పెద్దాయన పాత అట్లాసు ఇచ్చాడు. నూట పది పటాలు. దాన్ని సెల్లోటేపు చేతిలో పెట్టమంటారా?
4. కొత్త మాటలు రోజుకి పది ఎక్కువ. అయిదు చాలు. మూడైనా పర్లేదు, గట్టిగా వస్తే.

సెల్లోటేపు భోజనం టైములో కూడా గైడు తీసి గొణుగుతున్నాడు. మాటకి అర్థం వేలు పెట్టి వెతుక్కుంటాడు, చివరి పేజీకి ఒకసారి, మొదటి పేజీకి ఒకసారి. ఒక్క ఉత్తరానికి రెండు రోజులు. నత్త నయం. నేను ఇరవై నిమిషాల్లో మొత్తం గడగడా అప్పజెప్పేస్తాను. ఆ సంగతి అతనికి చెప్పాను కూడా.

"మీకు జ్ఞాపకశక్తి ఎక్కువక్కా" అన్నాడు. నిజమే.

మార్చి 9, ఆదివారం. మధ్యాహ్నం 3:00

రాత ప్రాక్టీసుకి మంచి నోటుబుక్కు లేదు. బజార్లో దొరికేవన్నీ పిన్నులు కొట్టినవి. నేనే ఒకటి కుట్టుకుంటే?

6:30. కుట్టుకున్నాను. ఎర్ర గుడ్డ. గైడు పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. రాస్తే పాడైపోతుందని ఇవాళ రాయలేదు.

మా ఆయన వచ్చి, "ఆరంభశూరత్వం" అన్నాడు.

"ఆరంభించనివాళ్లకి ఆ మాటా దక్కదు" అన్నాను. వెళ్లి ఫ్యాను వేసుకున్నాడు. నాలుక అయితే పదునుగానే ఉంది. ఇంగ్లీషు పరీక్షలో నోటితో మార్కులెందుకు పెట్టరో.

మార్చి 13, గురువారం. ఉదయం 7:15

5:00 అలారం. ఆపాను.
5:15 ఆపాను.
5:30 అత్తయ్య ఆపింది. "నువ్వు లేవవు గాని నా నిద్ర పాడుచేస్తున్నావు" అంది. ఆవిడ మంచం మీద నుంచే సెలవు చీటీ మొత్తం ఒకసారి అప్పజెప్పుకుని మళ్లీ పడుకుంది.

ఏదో ఒకరికి వచ్చింది కదా ఇంట్లో.

మార్చి 17, సోమవారం. సాయంత్రం 6:00

రేపే. లెక్క చూసుకున్నాను. వచ్చినవి: సెలవు చీటీ ఒకటి, మున్సిపాలిటీకి రాసే ఉత్తరం సగం, వ్యాసం మొదటి రెండు వాక్యాలు. చాలు. సెలవు చీటీ వస్తే గట్టెక్కినట్టే. రాకపోతే పేపరు తయారుచేసినవాడికి బుద్ధి లేనట్టు.

మార్చి 18, మంగళవారం. మధ్యాహ్నం 1:10, పరీక్ష జరిగిన బడి వరండా

వచ్చింది!!! సెలవు చీటీయే వచ్చింది! పేజీంబావు రాశాను, ఒక్క కొట్టివేత లేదు. కాపలా తిరుగుతున్న టీచరమ్మ నా బెంచీ దగ్గర ఆగి, "అక్షరాలు అచ్చేసినట్టున్నాయండీ" అంది. పాఠం మాత్రం గొడుగు గురించో, గొడుగులు బాగుచేసేవాడి గురించో. వాక్యాలు ఎత్తి రాసేశాను. చుట్టూ పదహారేళ్ల పిల్లలు గోళ్లు కొరుక్కుంటున్నారు. ముందు బెంచీలో సెల్లోటేపు. చివరి గంట దాకా రాస్తూనే ఉన్నాడు, పాపం.

అతను నీళ్ల దగ్గరికి వెళ్లాడు. వచ్చాక నేనెలా రాశానో వినిపిస్తాను. కుళ్లుకోనీ.

అదే రోజు. సాయంత్రం 6:45

వినిపించాను.

ఫీవర్ దగ్గర తల ఊపాడు. తర్వాత ఊపడం ఆపేశాడు. చివరికొచ్చేసరికి నా మొహం చూడకుండా నేల చూశాడు. "అక్కా, కుక్కలెందుకు వచ్చాయి?" అన్నాడు.

అత్తయ్య అడిగిన మాటే!

"నీ గైడు తియ్యి" అన్నాను. తీశాడు. టేపు అంటించిన నలభై రెండో పేజీలో జ్వరం. నలభై మూడులో, మూడు రోజులు సెలవు ఇప్పించండి, తమ విధేయుడైన విద్యార్థి. అంతే. కుక్కలు లేవు. కుక్కలు యాభై ఒకటో పేజీలో ఉన్నాయి, మున్సిపాలిటీకి రాసిన ఉత్తరం చివర.

సంచిలోంచి నాది తీశాను. ఆకుపచ్చ గుడ్డ, తోలు మూలలు, బంగారు అక్షరాలు. అడుగున అంకె లేదు. జ్వరం పేజీ పక్కన కుక్కల పేజీ నేనే, నా చేతులతో, చక్కగా కుట్టాను. అతను మెల్లగా అర్థం చెప్పాడు. నేను పెద్ద మాస్టారికి రాసింది ఇది: అయ్యా, నాకు జ్వరంగా ఉంది, కాబట్టి మా వీధిలోని కుక్కలన్నిటినీ వెంటనే పట్టించి, దీపాలు వేయించగలరు.

మున్సిపాలిటీ ఉత్తరం చూశాం. వీధిలో దీపాలు లేవు, కుక్కల బెడద ఎక్కువగా ఉంది, కాబట్టి నాకు మూడు రోజులు సెలవు ఇప్పించండి.

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాలుగు దులిపి వచ్చేదాన్ని. "ఫ్యాను గాలికి ఎవరికైనా జరుగుతుందక్కా" అన్నాడు. ఫ్యాను సంగతి నేనే ఓసారి చెప్పానట, మా ఆయన్ని తిడుతూ.

మంచివాడు కూడాను! తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

7:30. అత్తయ్యకి చెప్పాను. చెప్పకుండా ఉంటే ఆవిడ ఆ చీటీ జీవితాంతం అలాగే అప్పజెప్పేది. ఊలు పక్కన పెట్టి అంది: "పైన పటారం, లోన లొటారం."

గైడునా, నన్నా అని అడగలేదు.

మార్చి 19, బుధవారం

ఏమీ లేదు.

మే 2, శుక్రవారం. మధ్యాహ్నం 12:00

ఫలితాలు. పాసుకి ముప్పై అయిదు కావాలి. సెల్లోటేపుకి ముప్పై ఎనిమిది. నాకు ఇరవై ఏడు. కుక్కలకి కూడా ఎవరో జాలిపడి రెండో మూడో మార్కులు వేసినట్టున్నారు.

పెద్దాయన పిలిచాడు. "కుర్చీ ఇవ్వాల్సింది ఇప్పుడే కాదమ్మా, జూన్ ఆఖరున. జూన్ 3న మళ్లీ పరీక్ష ఉంది, ఫలితం ఆలోగా వచ్చేస్తుంది. అప్పటికి నువ్వూ పాసైతే సర్వీసు లెక్కన నీదే. కాకపోతే అతనిది" అన్నాడు. తర్వాత నా ఆకుపచ్చ గైడు వైపు చూసి, ఏదో అనబోయి, అనలేదు. ఆ దయకి చెంపదెబ్బే నయం.

4:40. పని ముగించేటప్పుడు సెల్లోటేపు నా బల్ల మీద ఒకటి పెట్టాడు. అతని గైడు.

"నాకింక పని లేదక్కా. మీరు చదువుకోండి" అన్నాడు.

"నేను పాసైతే కుర్చీ నాకొస్తుంది. తెలుసుగా?" అన్నాను.

"తెలుసు."

"మరి?"

బల్ల అంచు గోటితో గీరాడు. "టేపు తియ్యడం ఎలాగో నాకు రాదక్కా. పాత పుస్తకాలకి వేసినవన్నీ పచ్చబడుతున్నాయి. మీరు ఆ కుర్చీలో ఉంటే నేర్పుతారు. నేనుంటే ఎవరు నేర్పుతారు?" అన్నాడు.

ఇందులో ఏదో మతలబు ఉండి తీరాలి. ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. దొరకలేదు.

మే 4, ఆదివారం. సాయంత్రం 5:30

అతని గైడు తెరిచాను. ప్రతి మాట పక్కనా పెన్సిలుతో అర్థం రాసుకున్నాడు, కోడి కెలికినట్టు. సెలవు చీటీ చదివాను. పైకి కాదు. ఒక్కో మాటకి ఆగి, అర్థం చూసుకుని, ముందుకి. పదకొండు వాక్యాలకి గంటా పది నిమిషాలు పట్టింది.

పిల్లాడికి జ్వరం. క్లాసుకి రాలేడు. పోయిన పాఠాలు తర్వాత చదువుకుంటానని మాటిస్తున్నాడు. ఆ ఆఖరి సంగతి ఆ చీటీలో ఉందని నాకు ఇవాళ తెలిసింది.

ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల ఇంగ్లీషు పుస్తకాలు కుట్టానో. ఏ ఒక్కదానిలో ఏముందో తెలియదు. వాటి వెన్నులు మాత్రం కళ్లు మూసుకుని చెబుతాను. ఏడుపొచ్చింది. అత్తయ్య చూసి, అల్లుతున్నది తెచ్చి నా ఒళ్లో పడేసింది. మఫ్లరట. పరీక్ష పాసైతే ఇద్దామని మొదలుపెట్టిందట. "సగమే అయింది. నీ చదువులాగే" అంది.

మే 5, సోమవారం. ఉదయం 5:00

లేచాను! అలారం మోగాకే లేచాను, కానీ లేచాను. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.

ప్రతిజ్ఞ:
ఉదయం 5 నుంచి 7 దాకా చదువు. అర్థంతో.
పట్టిక గీయను. (ఇది పట్టిక కాదు.)
అత్తయ్యకి కొత్త చీటీ నేర్పాలి, పాతది మరిచిపోయేలా.
సెల్లోటేపుని ఆ పేరుతో పిలవను. పైకి.
ఈ గైడు ఎలా ఉందో అలాగే చదువుతాను. సూది ముట్టుకోను.

5:20. పేజీ ఒకటి. అంకె ఉంది. చూశాను.

5:40. పేజీ రెండు. వెన్ను దగ్గర టేపు కొస లేచింది. పట్టించుకోను.

5:45. లేచిన చోట దుమ్ము అంటుకుంటోంది. నాకు సంబంధం లేదు.

5:50. పేజీ మూడు.

5:52. ఆ కొస ఒక్కటే. చిటికెడు జిగురు, అంతే. కత్తి బయటికి తియ్యను.